ఖాళీ తూకం

"పదిహేడు వందల యాభై," అని చదివింది అక్క.

వంటింటి గట్టు మీద అరచేయంత కాటా. దాని మీద ఒకదానిపై ఒకటి మూడు స్టీలు గిన్నెలు. కింది దాంట్లో అన్నం, మధ్య దాంట్లో పప్పు, పై దాంట్లో బంగాళాదుంప కూర. కాటా పలక చిన్నది, గిన్నెలు పెద్దవి. కాస్త అటూ ఇటూ అయితే మొత్తం పల్టీ కొడుతుంది. అందుకని అక్క ఒక చేతిని గిన్నెలకి తగిలీ తగలకుండా కాపలా పెట్టి, మెడ వంచి అంకె చదువుతుంది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇదే.

ముందుగదిలో కుర్చీలో కూర్చున్న తమ్ముడు ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని పదిహేడు వందల యాభైలోంచి పదకొండు వందలు తీసేశాడు. ఆరు వందల యాభై గ్రాములు. ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు. పదకొండు వందలంటే ఖాళీ క్యారేజీ బరువు. లారీల తలుపుల మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది చూడండి, అలాగే అతను క్యారేజీ కింది గిన్నె అడుగున ఎర్ర రంగుతో, సన్న కుంచెతో, ఒక ఆదివారం పూటంతా కూర్చుని రాశాడు. తిండిలో ఎంత శక్తి ఉందో లెక్క కట్టాలంటే ముందు తిండి బరువు తెలియాలి, తిండి బరువు తెలియాలంటే గిన్నె బరువు తెలియాలి. ఈ సూత్రం అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. అతని ఉద్యోగమే అది.

మామూలు రోజుల్లో అంకె చదివాక అక్క ఏదో ఒకటి అనేది. "దుంపలు ముదిరాయిరా, ముసలి దుంపకి వేరే లెక్కుందా?" అనో, "ఆవిరి కూడా తూగుతోందేమో, కాసేపాగి మళ్లీ చూడనా?" అనో. ఇవాళ ఏమీ అనలేదు. గిన్నెల్ని పట్టి ఉంచే కమ్మిలోకి దించి, మూత పెట్టి, పిడి నొక్కి, క్యారేజీని తెచ్చి అతని పక్కన పెట్టింది.

గుమ్మం దగ్గర ఆమె సంచి సర్ది ఉంది. నీలం సంచి. జిప్పు పోతే మూడు పిన్నీసులు పెట్టింది. పదకొండేళ్ల కిందట భర్త పోయినప్పుడు ఆ సంచితోనే వచ్చింది, నాలుగు రోజులుండి పోతానని.

"అయిదింటికి బస్సు," అంది అక్క. "తాళంచెవి పక్కింటావిడకి ఇచ్చి వెళ్తాను."

"ఊఁ," అన్నాడు.

"రాత్రికి కూడా వండి పెట్టేస్తాను."

"ఊఁ."

ఒక్క మాట చాలు. 'ఉండక్కా' అంటే ఆమె ఉండిపోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. అందుకే గుమ్మంలో ఇంకో నిమిషం నిలబడింది. కానీ నిన్న సాయంత్రం అంత మాట అన్న నోటితో ఈ మాట ఎలా అంటాడు? క్యారేజీ తీసుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి, తల వంచుకుని బయటపడ్డాడు.

నిన్న సాయంత్రం జరిగింది తలుచుకుంటేనే అతనికి ప్రాణం చచ్చిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాడు. నాలుగు నెలల కిందట నూట నాలుగు కిలోలున్న మనిషి, అన్నీ తూచుకుని, అన్నీ రాసుకుని, నోరు కట్టుకుని, నిన్న నూట అయిదున్నర తూగాడు. డాక్టరు కళ్లజోడు మీదినుంచి చూసి, నోటు పుస్తకం నాలుగు పేజీలు తిప్పి, "ఇంతే తింటే ఈపాటికి మీరు సగమైపోవాలి," అన్నాడు. కాగితాలు సర్దుతున్న నర్సు మొహం అటు తిప్పుకుంది. నవ్వాపుకోవడానికేనని అతనికి తెలుసు. అలాంటివి అతను వెనకనుంచి కూడా కనిపెట్టగలడు.

"పుస్తకమన్నా అబద్ధం చెప్తుండాలి, కాటా అన్నా చెప్తుండాలి," అన్నాడు డాక్టరు. "తొంభై అయిదుకి దిగితే గానీ నేను ఆ మోకాలి మీద కత్తి పెట్టను."

పుస్తకం తన చేతిరాత. కాటా ఎన్నడూ అబద్ధం చెప్పదు, ఆ నమ్మకం మీదే కదా ఇన్నేళ్లూ బతికాడు. ఇక మిగిలిందెవరు? అక్క.

నిజానికి ఈ అనుమానం నిన్నటిది కాదు. మొదటినుంచీ వంటింటి లెక్క దగ్గరే అతనికి చుక్కెదురైంది. డాక్టరు ఇచ్చిన కాగితంలో అన్నం ఉంది, పాలున్నాయి, ఉడికించిన గుడ్డు ఉంది. 'అక్క వండిన కూర' అని లేదు. "ఉల్లిపాయలెంత వేశావు?" అంటే "సరిపడా" అనేది. "ఉప్పెంత?" అంటే "సరిపడా." "సరిపడా అంటే ఎన్ని గ్రాములే తల్లీ?" అని నెత్తి కొట్టుకుంటే, "ఎంతైతే సరిపోతుందో అంత," అని గరిట ఊపి నవ్వేది. చివరికి పుస్తకంలో 'సరిపడా' అని ఒక గడి గీసి, దానికి ఉజ్జాయింపుగా ఒక అంకె వేసుకున్నాడు. నూనె దగ్గర మాత్రం పట్టుబట్టాడు. వంటన్నింటికీ కలిపి రోజుకి రెండంటే రెండు చెంచాలు. అక్క సరేనంది.

సరేనందే గాని పోస్తోందా? మూడు వారాల కిందట, ఆమె బట్టలారేయడానికి మేడమీదికి వెళ్లినప్పుడు, అతను వంటింట్లోకి వెళ్లాడు. కొత్తగా నింపిన గాజుసీసా, నూనె మెడ దాకా ఉంది. సీసాని గోడ వైపు తిప్పి, నూనె ఎక్కడిదాకా ఉందో అక్కడ ఎర్ర మార్కరుతో గోరంత గీత గీశాడు. మళ్లీ ఎప్పటిలా తిప్పి పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి, తల్లి పోయాక తనని పెంచిన అక్క మీద నిఘా పెట్టాడు. నాలుగోనాడు మళ్లీ దొంగలా వెళ్లి, సీసా తిప్పే ధైర్యం చాలక ఎదురునుంచే చూస్తే నూనె నాలుగు వేళ్లు కిందికి దిగిపోయి ఉంది. రెండేసి చెంచాలకి ఇంత దిగుతుందా? మళ్లీ ఆ సీసా ముట్టుకోలేదు. ఆ వైపు చూడటానికే మొహం చెల్లలేదు. ఆ నాలుగు వేళ్లని మాత్రం మనసులో పెట్టుకుని తిరిగాడు.

నిన్న ఆసుపత్రి నుంచి వచ్చేదారిలో బేకరీ వెనక గోడకి ఆనుకుని ఒక బన్ను తిన్నాడు. పుస్తకంలో రాయలేదు. ఆ బన్ను ముక్క ఇంకా పంటిలో ఉండగానే ఇంటికొచ్చి, బట్టలు మడతపెడుతున్న అక్క ముందు నిలబడి అడిగాడు.

"నూనె ఎంత పోస్తున్నావు?"

"రెండు చెంచాలు. నువ్వు చెప్పినట్టే."

"నిజం చెప్పక్కా."

"నిజమేరా."

"నువ్వు దొంగచాటుగా పోస్తున్నావు. నాకు తప్పుడు లెక్క చెప్తున్నావు. నేను బాగుపడటం నీకిష్టం లేదు."

అక్క చేతిలో అతని చొక్కానే ఉంది. గుడారమంత చొక్కా. దాన్ని పూర్తిగా మడిచి, ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేసి, దొంతర మీద పెట్టింది. "అంతేనంటావా," అంది. తర్వాత లోపలికెళ్లి కూతురికి ఫోన్ చేసింది. మనవరాలు పుట్టిన దగ్గర్నుంచీ రమ్మని ప్రాణం తీస్తున్న కూతురికి ఇన్నాళ్లూ "వాడికి వండేదెవరే" అని చెప్పుకొచ్చిన మనిషి, "రేపొస్తున్నానే" అని రెండు ముక్కల్లో తేల్చేసింది.

కంకర యార్డు ఇంటికి ఇరవై నిమిషాల నడక. మోకాళ్లు అరిగాక అది నలభై అయింది. మధ్యలో రెండుచోట్ల ఆగుతాడు. ఆయాసంతో ఆగినట్టు కనబడకూడదని ఒకచోట సినిమా పోస్టరు చదువుతాడు, ఇంకోచోట చెప్పు దులుపుకుంటాడు. నాలుగు నెలలుగా అదే పోస్టరు. అందులో ఎవరెవరున్నారో కళ్లు మూసుకుని చెప్పగలడు.

యార్డు గేటు పక్కన, నేలలోకి దించిన పెద్ద ఇనుప పలక. లారీలన్నీ దాని మీద ఎక్కి ఆగాలి. ఖాళీగా వచ్చేటప్పుడు ఒకసారి, కంకర నింపుకుని పోయేటప్పుడు ఒకసారి. పక్కనే పదకొండు ఇనుప మెట్ల మీద, అద్దాల గది. అందులో అతను, అతని ముందు అంకెల పెట్టె, చీటీ అచ్చేసే యంత్రం, మూలన కంకర నమూనాలు తూచే చిన్న కాటా. నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసేస్తే సరుకు. ఇరవై ఏడేళ్లలో ఆ తీసివేత ఎన్ని లక్షలసార్లు చేశాడో. ఒక్కసారి కూడా అతని చీటీ తప్పని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఒంటి గురించి ఎవరేమన్నా పడ్డాడు గాని, తూకం గురించి మాట పడలేదు.

ఒంటి గురించి మాత్రం చాలానే పడ్డాడు. ఓసారి సాయంత్రం అందరూ వెళ్లిపోయారనుకుని లారీల కాటా మీద తనే నిలబడి చూసుకున్నాడు. అది ఇరవై కిలోలకి తక్కువ గుర్తించదు. నూరు చూపించి, కాసేపు ఊగిసలాడి, నూటఇరవైకి ఎక్కింది. మళ్లీ నూరు. ఎటూ తేల్చుకోలేకపోయింది పాపం. గేటు దగ్గర బీడీ కాల్చుకుంటున్న డ్రైవరొకడు అదంతా చూశాడు. మర్నాటినుంచి అతను 'టన్ను బాబాయ్'. వాళ్లు ప్రేమగానే పిలుస్తారు. అతను నవ్వుతూనే పలుకుతాడు. ఇంటికెళ్లాక అద్దం ముందు నిలబడడు, అంతే.

ఎప్పుడూ ఇలా ఉన్నవాడు కాదు. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, అక్కకి పద్నాలుగు. గాలొస్తే ఎగిరిపోతాడని ఇరుగుపొరుగు అనేవారు. అక్క తన పళ్లెంలోది సగం అతని పళ్లెంలోకి తోసి, "నాకు ఆకలి లేదురా, పారేస్తే పాపం," అనేది. తమ్ముడు ఒళ్లు చేస్తే చాలు, ఆమెకి పండగ. ఆమె పెళ్లయి వెళ్లాక అతను ఈ అద్దాల గదిలో కుర్చీకి అతుక్కుపోయాడు, కుర్చీతోపాటే వెడల్పయ్యాడు. ముప్పై రెండో ఏట ఒక సంబంధం కుదిరినట్టే కుదిరింది. వాళ్లింట్లో టీ ఇచ్చి కూర్చోబెట్టిన ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి చాపేసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఆ తర్వాత ఆ మాట అటునుంచీ రాలేదు, ఇటునుంచీ వెళ్లలేదు. అప్పటినుంచి ఎవరింటికెళ్లినా అతను నిలబడే మాట్లాడి వచ్చేస్తాడు.

ఒంటిగంటన్నరకి క్యారేజీ విప్పాడు. పిడి లాగి, మూత తీసి, కమ్మిని పక్కన పెట్టి, మూడు గిన్నెల్నీ బల్ల మీద వరసగా పరుచుకున్నాడు. అక్క ఇవాళా కూరలో కరకరలాడేలా వేయించిన ముక్కలు నాలుగు పైన పెట్టింది, అతనికిష్టమని. మాట పడిన మర్నాడు కూడా. తింటున్నాడే గాని ముద్ద దిగడం లేదు. దిగకపోయినా తింటూనే ఉన్నాడు, అది అతని పాత జబ్బు. ఆరు వందల యాభై గ్రాములకి కడుపు ఇంత నిండడమేమిటో అతనికెప్పుడూ ఆశ్చర్యమే. అక్క వండితే అంతేలే అనుకునేవాడు.

సగం తిన్నాడో లేదో కింద హారన్. నిండు లారీ ఒకటి కాటా ఎక్కింది. ఎంగిలి చెయ్యి ఎత్తి పట్టుకుని ఎడంచేత్తో బొత్తాం నొక్కబోతూ, అలవాటుగా కిందికి చూశాడు. లారీ వెనక స్టెప్నీ చక్రం ఉండాల్సినచోట ఉత్త గొలుసు వేలాడుతోంది. పొద్దున ఖాళీగా వచ్చినప్పుడు చక్రం ఉంది. టార్పాలిను కూడా ఉంది. ఇప్పుడు రెండూ లేవు.

అతనికి చిర్రెత్తుకొచ్చింది. నిన్నటినుంచీ లోపల ఉడుకుతున్నదంతా పొంగుకొచ్చింది. కిటికీ తెరిచి, యార్డంతా వినబడేలా అరిచాడు.

"ఏమయ్యా! స్టెప్నీ ఏది?"

డ్రైవరు తల బయటపెట్టాడు. నెరిసిన మీసాలవాడు, పదేళ్లుగా వస్తున్నవాడే. "గాలి పోయింది బాబాయ్. బయట పంక్చర్ వేయిస్తున్నా. టార్పాలిన్ కూడా అక్కడే ఆరేశా."

"అది ఉన్నప్పుడు ఖాళీ తూకం ఇచ్చి, అది తీసేసి నిండు తూకం ఇస్తావా? కాగితం మీద సరుకు తక్కువ కనబడుద్ది, బండిలో ఎక్కువ పోద్ది. ఇది తూకమా, దొంగతనమా?"

వరసలో ఉన్న లారీల్లోంచి ఒక్కొక్క తలా బయటికొచ్చింది. నెరిసిన మీసాలవాడు బండి దిగి, రెండు చేతులూ ఎత్తి, మెల్లిగా అన్నాడు. "పొరపాటు బాబాయ్. చెప్పుకోవచ్చు. దొంగని మాత్రం అనొద్దు."

"పొరపాటంటే సరిపోద్దా? ఖాళీకి ఏమేం ఉన్నాయో నిండుకీ అవే ఉండాలి! ఇన్నేళ్లుగా..." అని వేలు చూపిస్తూ గదిలోకి తిరిగాడు, చీటీల కట్ట కోసం.

బల్ల మీద మూడు గిన్నెలున్నాయి. వాటి పక్కన కమ్మి. దాని పక్కన మూత.

అతని చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

ఆ ఆదివారం రంగూ కుంచే పట్టుకుని కూర్చున్నప్పుడు క్యారేజీని ఎలా తూచాడు? మొత్తంగా. కమ్మీ, పిడీ, మూతా అన్నీ బిగించి. పదకొండు వందలు. మరి రోజూ పొద్దున అక్క తూచేదేమిటి? గిన్నెలు. ఉత్త గిన్నెలు. కమ్మిలో పెడితే ఆ చిన్న పలక మీద నిలవదని, తూచాకే కమ్మిలోకి దించుతుంది. నాలుగు నెలలుగా కళ్లముందే దించుతోంది.

కమ్మినీ మూతనీ తీసుకెళ్లి మూలనున్న నమూనాల కాటా మీద పెట్టాడు. మూడు వందల యాభై. తీసి మళ్లీ పెట్టాడు. మూడు వందల యాభై. అంటే అతను తిన్నది ఆరు వందల యాభై కాదు, నిండు కిలో. రోజూ కిలో తిని, ఆరున్నర వందలని రాసుకుని, ఆ రాతని డాక్టరుకి చూపించి, ఇల్లాలు లేని ఇంట్లో తనకోసం పొయ్యి ముందు నిలబడే మనిషిని దొంగ అన్నాడు. అదీ ఏ తప్పు మీద? తను కడుపు కూడు సంపాదించుకునే పనిలో మొదటి పాఠం మీద.

అతనికి తల కొట్టేసినట్టయింది. గదిలో ఎవరూ లేకపోయినా మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కింద నెరిసిన మీసాలవాడు చేతులు దించకుండా ఇంకా నిలబడే ఉన్నాడు. కిటికీ దగ్గరికి వచ్చి, "చక్రం వేసుకుని రా అన్నా. పర్లేదు, నిదానంగా రా," అన్నాడు. వరసలో ఉన్నవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. టన్ను బాబాయ్ ఎవర్నీ 'అన్నా' అని పిలవగా వాళ్లు వినలేదు.

రెండున్నరకి ఇంటికి ఫోన్ చేశాడు.

"అక్కా."

"చెప్పు."

చెప్పాలి. 'తప్పు నాది, నువ్వు వెళ్లొద్దు' అనాలి. ఆరు మాటలు కూడా లేవు. చెవిలో ఆమె ఊపిరి వినబడుతోంది. వంటింట్లో ఉన్నట్టుంది, కుళాయి కారుతున్న చప్పుడు.

"బియ్యం డబ్బా ఎక్కడుంది?" అన్నాడు.

"పదకొండేళ్లుగా ఎక్కడుందో అక్కడే ఉంది."

"సరే."

"ఇంకేమన్నా చెప్పాలా?"

"లేదు. లారీ వచ్చింది."

లారీ ఏదీ రాలేదు. ఎండలో ఇనుప పలక ఖాళీగా మెరుస్తోంది. ఫోన్ జేబులో పెట్టుకుని, నోటు పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి ఒక్కో రోజు అంకె పక్కన మూడు వందల యాభై కలుపుకుంటూ పోయాడు. నూట ఇరవై రోజులు. నలభై రెండు కిలోలు. లెక్క తేలాక పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

నాలుగింటికి మేనేజరు దగ్గరికెళ్లి ఒక గంట ముందు వెళ్తానని అడిగాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. మా అక్క ఊరెళ్తోంది."

"ఎన్నాళ్లకి?"

అతను నోటు పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. పదకొండు మెట్లూ ఆ రోజుకి నాలుగోసారి దిగి, పోస్టరు దగ్గర ఆగకుండా, చెప్పు దులుపుకోకుండా, కుంటుకుంటూ బస్టాండుకి నడిచాడు. ఎదురొచ్చేవాళ్లు తప్పుకుని దారిచ్చారు. అయిదుకి పది నిమిషాలుందనగా చేరాడు.

అక్క సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో నీలం సంచి, చేతిలో మడిచిన టిక్కెట్టు. దూరాన్నించే అతని రొప్పు విని తలెత్తింది.

"ఇంత తొందరగా వచ్చావేంరా? ఒంట్లో బాగుందా?"

ఆ మాటకి అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన కూర్చున్నాడు. బల్ల ఆ చివర కూర్చున్న ఇద్దరు లేచి నిలబడ్డారు. ఎప్పుడూ జరిగేదే.

"అక్కా, ఆ క్యారేజీ... కమ్మి..." అన్నాడు.

"తెలుసులేరా."

"ఏం తెలుసు?"

"కమ్మీ మూతా లేకుండా తూస్తున్నామని. మొదటి వారమే అన్నాను కదా నీతో. ఇరవై ఏడేళ్లుగా కాటా మీద కూర్చున్నవాణ్ణి, నాకే తూకం నేర్పుతావా అన్నావు."

అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"మళ్లీ ఎందుకు చెప్పలేదు?"

అక్క టిక్కెట్టుని ఇంకో మడత పెట్టింది. "ఒకసారి చెప్పి మాట పడ్డాను, చాలనుకున్నా. అదీగాక... లెక్క ఎలా ఏడిస్తేనేం, కడుపు నిండా తింటున్నాడులే అనుకున్నానురా. అది మాత్రం నా తప్పే. నీ మోకాళ్లు గుర్తుకు రావాల్సింది నాకు."

తప్పంతా మోసుకుంటూ పరిగెత్తుకొస్తే, అందులో వాటా తీసుకోవడానికి కూడా ఆమే ముందుంది. అతను చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"నూనె గురించి నేనన్నది..."

"అది వదిలెయ్," అంది అక్క, గబుక్కున.

ఆ తొందరకి అతని మనసులో ఒక మూల చిన్న ఊరట కలిగింది. గీత సంగతి ఆమెకి తెలియదు. నోరు జారి అన్న మాటైతే కోపంలో అన్నాడనుకుంటుంది. మార్కరు పట్టుకుని దొంగలా వంటింట్లో దూరిన సంగతి మాత్రం ఆమె దాకా పోలేదు. అది తనతోనే పోతుంది. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గేసింది, కానీ ఊరట ఊరటే.

బస్సు వచ్చింది. అక్క లేచింది. అతను సంచి అందుకుని మెట్ల దాకా మోశాడు. 'ఉండక్కా' నాలుక చివరిదాకా వచ్చింది. ఏ హక్కుతో? దొంగ అన్నవాడు ఇవాళ లెక్క సరిపోయింది గనుక ఉండమనాలా? లెక్క తేలకపోతే ఉండమనేవాడు కాదుగా. ఆమె రెండో మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది. అతని మొహంలోకి చూసింది. కండక్టరు విజిల్ వేశాడు.

"చేరగానే ఫోన్ చెయ్యి," అన్నాడు.

"ఊఁ," అంది అక్క. పొద్దున అతనన్నట్టే.

కిటికీ దగ్గర కూర్చున్నాక, బస్సు కదులుతుండగా, "రాత్రికి కూరుంది. నీ చేత్తో నువ్వే తూచుకో," అంది. బస్సు మలుపు తిరిగింది. ఇందాక లేచి నిలబడ్డ ఇద్దరూ మళ్లీ వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

పక్కింటావిడ దగ్గర తాళంచెవి తీసుకుని ఇంట్లోకి వెళ్లేసరికి పొద్దు ఇంకా వాలలేదు. వంటింటి కిటికీలోంచి ఏటవాలుగా ఎండ గట్టు మీద పడుతోంది. ఆ వంటింట్లోకి అతను రెండు వారాలు దాటాక మళ్లీ అడుగుపెట్టడం. అంట్లు తోమి బోర్లించి ఉన్నాయి. కుళాయికి గుడ్డ చుట్టి ఉంది, కారకుండా. కాటా తుడిచి ఉంది. కూర గిన్నె మీద మూత, మూత పక్కన ఒక కాగితం, దాని మీద ఆ గిన్నె ఖాళీ బరువు, 'మూత లేకుండా' అని పక్కన రాసి ఉంది.

ముందు ఆ గీత చెరిపెయ్యాలనుకున్నాడు. ఎవరూ చూడకముందే. గుడ్డ ముక్క తడిపి, సీసా అందుకుని, గోడ వైపున్న పక్కని తన వైపు తిప్పాడు.

తను గీసిన ఎర్ర గీత మెడ దగ్గర ఉంది. దాని కింద ఇంకోటి ఉంది. దాని కింద ఇంకోటి. అదే మార్కరు, చెయ్యి వేరు, కాస్త వణికిన చెయ్యి. రోజుకొకటి. ఇరవై ఒకటి. ఒక్కోదాని పక్కన చీమంత '2'. సీసా మెడ సన్నం కనుక మొదటి నాలుగు గీతలూ దూరదూరంగా, వేలేసి ఎడంగా ఉన్నాయి. అతను దొంగతనం అనుకున్న నాలుగు వేళ్లు అవే. కిందికి సీసా వెడల్పయ్యేకొద్దీ గీతలు దగ్గరికొచ్చి, కొలబద్ద పెట్టి గీసినట్టు ఒక్క ఎడంతో దిగిపోయాయి. ఈ మూడు వారాలూ అక్క రోజూ పొద్దున వంట చేసి, సీసా తిప్పి, గీత గీసి, మళ్లీ గోడ వైపుకి తిప్పి పెట్టింది. ఎప్పుడైనా వచ్చి చూస్తాడని.

తడిగుడ్డని మడిచి కుళాయి పక్కన పెట్టేశాడు. సీసాని గట్టు మీద, గీతలున్న పక్క తనకి కనబడేలా పెట్టాడు. ఎండ దాని గుండా పడుతోంది. అట్టడుగు గీతకి సరిగ్గా ఆనుకుని, వెంట్రుకంత పైకీ కిందికీ లేకుండా, నూనె కదలకుండా ఉంది.